సలహాకు ముందు వినడం: మెంటర్ల దగ్గర మాట ఎక్కడ ఆగిపోతోంది

క్లుప్తంగా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాలేజీ నుంచి పొలం దాకా మెంటర్ల, అంటే పక్కనుండి దారి చూపేవాళ్ల, వ్యవస్థ విస్తరించింది. అయినా అసలు సమస్య బయటపడకుండానే ముగిసిపోయే సంభాషణలు తక్కువేం కాదు. మొదటి మాటకే పరిష్కారం చెప్పేసే తొందర, హోదాలో తేడా, సంతకాలతో నిండే రికార్డులు ఇందుకు ప్రధాన కారణాలు. విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకుంటూ శ్రద్ధగా వినే యాక్టివ్ లిజనింగ్ అనే పద్ధతి మొదటి రెండింటికీ పనికొస్తుంది. మూడోదాన్ని సంస్థలే సరిచేసుకోవాలి.

ఇప్పుడెందుకు ఈ చర్చ

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో వచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, చిన్న చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటర్లనో కౌన్సెలర్లనో కేటాయించాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం 2 సార్లు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. స్కూళ్లు, కాలేజీలతో పాటు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా దీని పరిధిలోకి వస్తాయి. రెసిడెన్షియల్ ఇంటర్ చదువులకు పేరుపడ్డ నెల్లూరుకు ఇది దూరపు వార్త కాదు.

ఇంజనీరింగ్ కాలేజీలకు మెంటరింగ్ కొత్తేమీ కాదు. కాలేజీల, కోర్సుల ప్రమాణాలను తనిఖీ చేసే న్యాక్, ఎన్‌బీఏ సంస్థల గుర్తింపు కోసం వచ్చే బృందాలకు ఆ విధానం ఉందని చూపించాలి కాబట్టి, ఇరవై మందికో పాతిక మందికో ఒక లెక్చరర్‌ను మెంటర్‌గా పెడుతున్నారు. చదువుల బయట కూడా ఇలాంటి ఏర్పాట్లున్నాయి. ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో అనుభవమున్న రైతులే సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) పక్క ఊళ్ల రైతులకు దారి చూపుతారు. పొదుపు సంఘాల్లో పాత సంఘాల మహిళలు కొత్తవాళ్లకు నేర్పడం వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం కాలం నుంచీ ఉంది.

వీటన్నింటిలో మెంటర్ ఏం చెప్పాలన్న దానికి శిక్షణ ఉంటుంది, పుస్తకం ఉంటుంది. ఎలా వినాలన్నది మాత్రం ఆ మనిషి స్వభావానికి వదిలేస్తారు. "ఆ సారు మంచోడు, ఓపిగ్గా వింటాడు" అని మెచ్చుకోవడంలో, వినడం పుట్టుకతో వచ్చే గుణమన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం వల్లే శిక్షణలో దానికి చోటు దొరకడం లేదు. నిజానికి డాక్టర్లకు, టీచర్లకు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లకు అనేక దేశాల్లో దశాబ్దాలుగా నేర్పుతూ వస్తున్న పని అది.

మొదటి మాట వెనక

ఈ ప్రాంతంలో ఎక్కడైనా జరగగల సందర్భం ఒకటి ఊహించి చూద్దాం. విడవలూరు వైపు నుంచి రోజూ బస్సులో నెల్లూరు వచ్చి చదువుకునే రెండో సంవత్సరం విద్యార్థి హాజరు బాగా పడిపోయింది. మెంటర్ స్టాఫ్‌రూమ్‌కు పిలిపించి "ఎందుకు రావట్లేదు?" అని అడిగారు. "బస్సు దొరకలా సార్" అన్నాడు. "ముందు బస్సుకు బయల్దేరు. లేదంటే హాస్టల్లో చేరు. హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, తెలుసు కదా?" "సరే సార్." పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టారు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

బస్సు దొరకలేదన్నది అబద్ధం కాదు. ఉదయం ఆలస్యంగా లేస్తే బస్సు దొరకదు. ఆలస్యంగా ఎందుకు లేస్తున్నాడన్నది తర్వాతి మాట. నాన్న రొయ్యల గుంటకు ఆ ఏడాది జీతగాడిని పెట్టుకోలేకపోయారు. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి సరుకంతా పోవచ్చు. జనరేటర్ వేయడానికి గుంట దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఈ అబ్బాయి. ఇంకా లోపల మరో మాట ఉంది. కిందటి రొయ్యల పట్టుబడి తెల్లమచ్చ వ్యాధికి దెబ్బతింది, రొయ్య పిల్లలకూ (సీడు) మేతకూ తెచ్చిన అప్పు అలాగే ఉంది, కాలేజీ మానేస్తానని ఇంట్లో చెప్పాలా వద్దా అని అతను ఆలోచిస్తున్నాడు.

మెంటర్ ఇచ్చిన సలహా తప్పు కాదు. బస్సు సమస్యకు అది సరైన జవాబే. వచ్చిన చిక్కల్లా ఆ సలహా మొదటి పొర దగ్గర ఆగిపోవడమే. హాస్టల్లో చేరమనడం ఆ కుటుంబం లెక్కలో గుంట కాపలా మానేయమనడం, ఖర్చు పెంచుకోమనడం. విద్యార్థి వెళ్లేటప్పుడు, ఈ సార్‌కు చెప్పినా లాభం లేదనుకుంటూ వెళ్తాడు. రెండోసారి పిలిచినప్పుడు "జ్వరమొచ్చింది సార్" అంటాడు.

ముందుగా బయటికొచ్చే మాట చాలాసార్లు చెప్పడానికి సులువైన మాట. ఎదుటివాళ్లు ఎలా తీసుకుంటారో చూడటానికి వేసే మొదటి అడుగది. డాక్టర్ల గదుల్లో దీన్ని కొలిచి చూసిన అధ్యయనం ఒకటి ప్రసిద్ధం. అమెరికాలో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ 1984లో ప్రచురించిన ఆ పరిశీలనలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడి మాటను తనవైపు తిప్పుకున్నారు. తాను చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగిన రోగులు నాలుగో వంతు కూడా లేరు. రోగి ఏది ముందు చెప్పాడన్న దానికీ, ఏది ముఖ్యమన్న దానికీ సంబంధం కనిపించలేదు. డాక్టర్లు మాత్రం మొదట చెప్పినదాన్నే అసలు జబ్బుగా పట్టుకుని ముందుకు పోయారు.

మెంటర్ ఎందుకు తొందరపడతారు

నిర్లక్ష్యం వల్ల అనుకుంటే సమస్య అర్థం కాదు. తొందర ఎక్కువగా మంచి మెంటర్లలోనే ఉంటుంది. పదేళ్లుగా ఇలాంటి విద్యార్థులను చూసిన లెక్చరర్‌కు మొదటి వాక్యం వినగానే పాత కేసులు గుర్తుకొస్తాయి. సాయం చేయాలన్న ఆత్రం, తెలిసిన జవాబు రెండూ కలిసి నోటి చివర నిలబడతాయి. ఆ క్షణం నుంచి చెవి పనిచేస్తున్నా మనసు జవాబును పేర్చుకుంటూ ఉంటుంది.

రెండో కారణం, మౌనాన్ని భరించలేకపోవడం. 2009లో వచ్చిన ఒక అధ్యయనం పది భాషల్లో సంభాషణలు పరిశీలించి, ఒకరి మాట ముగియడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య వ్యవధి సెకనులో ఐదో వంతు చుట్టూ ఉంటుందని చూపింది. అంత వేగానికి అలవాటుపడ్డ మనుషులకు రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా పొడుగ్గా తోస్తుంది, ఏదో ఒకటి అని దాన్ని నింపేస్తారు. తరగతి గదుల్లో దీన్ని పరిశీలించిన అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో గమనించారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి, అంతకు ముందు నోరు విప్పని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. మారింది ఆ రెండు సెకన్ల ఓపిక ఒక్కటే.

మన దగ్గర దీనికి మరో చిక్కు తోడవుతుంది. మౌనం అర్ధాంగీకారం అన్న మాట అందరికీ అలవాటు. మెంటర్ సలహా చెప్పాక విద్యార్థి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు. ఆ మౌనంలో భయం ఉండొచ్చు, సిగ్గు ఉండొచ్చు, ఇంటి విషయం బయట చెప్పకూడదన్న పట్టుదల ఉండొచ్చు.

"సరే సార్" ఎలా పుడుతుంది

విద్యార్థి నిలబడి ఉంటాడు, మెంటర్ కూర్చుని ఉంటారు. పక్క టేబుల్ దగ్గర మరో ముగ్గురు లెక్చరర్లు పేపర్లు దిద్దుతూ ఉంటారు. ఇంటర్నల్ మార్కులు వేసేది ఈ సారే, ఇంటికి ఫోన్ చేసేదీ ఈయనే. అక్కడ "ఏమైనా సమస్య ఉంటే చెప్పు, ఫ్రీగా చెప్పు" అంటే వచ్చే జవాబు "ఏం లేదు సార్" అనే. ఆ జవాబులో తప్పు పట్టాల్సింది విద్యార్థిని కాదు, ఆ ఏర్పాటును.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా బిగుసుకుంటుంది. హాస్టల్లో ఎవరో వేధిస్తున్నారనో, బస్సులో ఇబ్బందిగా ఉందనో చెబితే చదువే మాన్పిస్తారేమోనన్న భయం ఆమెకు అన్నిటికంటే పెద్దది. "మీ నాన్నగారితో మాట్లాడతాలే అమ్మా" అని మెంటర్ సాయంగా అన్న మాట ఆమెకు బెదిరింపులా వినిపిస్తుంది. ఎవరికి చెబుతారు, ఎవరికి చెప్పరు అన్నది మొదటే తేల్చకపోతే, ఎంత ఓపిగ్గా కూర్చున్నా మాట బయటికి రాదు.

కుర్చీ చూపించి కూర్చోమనడం, ఖాళీ క్లాస్‌రూమ్‌లో తలుపు తెరిచి ఉంచి మాట్లాడటం, ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి. తర్వాత వాడే నైపుణ్యాలన్నీ వీటి మీదే నిలబడతాయి.

వినడంలో ఉన్న పని

యాక్టివ్ లిజనింగ్ అన్న పేరుకు ప్రచారం తెచ్చింది అమెరికన్ మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్. 1957లో వాళ్లు రాసిన చిన్న పుస్తిక పరిశ్రమల్లో కార్మికులతో పనిచేసే సూపర్‌వైజర్లను దృష్టిలో పెట్టుకున్నది. అందులోని ప్రధాన సూచనలు మూడు. మాటల అర్థంతో పాటు వాటి వెనకున్న భావాన్నీ పట్టుకోవడం, ఆ భావానికి స్పందించడం, గొంతు, ముఖం, తడబాటు లాంటి ఆనవాళ్లన్నీ గమనించడం. ఎదుటివాళ్లను మార్చాలన్న పట్టుదలతో వింటే అది వినడం కాదని కూడా వాళ్లు హెచ్చరించారు.

ఆచరణలో ముఖ్యమైన మెట్టు తిరిగి చెప్పి సరిచూసుకోవడం. "నువ్వు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: రాత్రుళ్లు గుంట దగ్గర ఉండాల్సి వస్తోంది, అందుకే పొద్దున క్లాసులు పోతున్నాయి. అంతేనా, ఇంకేమైనా ఉందా?" ఈ వాక్యం రెండు పనులు చేస్తుంది. తప్పుగా అర్థమై ఉంటే అక్కడే దొరికిపోతుంది. సరిగ్గా అర్థమైతే, చెప్పేవారికి తర్వాతి పొర విప్పడానికి ధైర్యం వస్తుంది. చివరి "ఇంకేమైనా ఉందా" అన్న ముక్కను వదిలేయకూడదు. అప్పు సంగతి బయటికొచ్చేది సాధారణంగా అక్కడే.

ప్రశ్న వేసే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. "ఎందుకు రాలేదు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది, జవాబుగా సాకు వస్తుంది. "ఈ మధ్య నీ రోజు ఎట్లా గడుస్తోంది, పొద్దున లేచిన కాడి నుంచి చెప్పు" అంటే కథ వస్తుంది. కథలో రాత్రి రెండు గంటలకు జనరేటర్ వేయడం కూడా వస్తుంది.

విదేశీ శిక్షణ పుస్తకాలను యథాతథంగా దింపుకుంటే బెడిసికొట్టేది భావాలకు పేరు పెట్టే చోట. "నీకు బాధగా, ఒంటరిగా అనిపిస్తోంది కదూ" అని ముఖం మీద అంటే ఇక్కడి పిల్లలు ముడుచుకుపోతారు. బాధను మనవాళ్లు చాలావరకు ఒంటి మీదుగా చెబుతారు: నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు, తల పగిలిపోతోంది, గుండె దడగా ఉంది. ఆ మాటలనే అందుకోవడం మేలు. "ఎన్ని రోజుల నుంచి నిద్ర పట్టట్లేదు? పడుకున్నప్పుడు ఏం గుర్తొస్తోంది?" అని అడిగితే భావం దానంతట అదే వస్తుంది. "టెన్షన్‌గా ఉంది సార్" అన్నప్పుడు కూడా అక్కడ ఆగకుండా, టెన్షన్ వస్తే ఏమవుతోందో చెప్పమనాలి. పరీక్ష భయం, ఇంట్లో గొడవ, చచ్చిపోవాలన్న ఆలోచన మూడింటినీ పిల్లలు ఆ ఒక్క మాటతోనే చెబుతారు.

ఊ కొట్టేవాళ్ల బలం

రాత్రిపూట కథ చెప్పే అమ్మమ్మకు ఊ కొట్టేవాళ్లు కావాలి. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలుంటారు. ఒకరు అడుగుతూ, ఒకరు ఆశ్చర్యపోతూ కథను ముందుకు నడిపిస్తారు. వినేవాళ్లు చెప్పేవాళ్లను నిలబెడతారన్న సంగతి మన ఊళ్లలో ఎప్పుడూ ఆచరణలో ఉన్నదే.

కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీలో జానెట్ బవెలాస్ బృందం 2000లో దీన్ని ప్రయోగంలో చూపించింది. తమకు తప్పిన ప్రమాదం గురించి కొందరిని చెప్పమన్నారు. వినేవాళ్లలో కొందరికి మాత్రం రహస్యంగా ఒక పని అప్పగించారు, ఫలానా అక్షరంతో మొదలయ్యే పదాలు లెక్కపెట్టమని. వాళ్లు ప్రతి పదాన్నీ చెవిన వేసుకున్నారు కానీ కథకు స్పందించలేకపోయారు. ఫలితంగా చెప్పేవాళ్ల కథే దెబ్బతింది. ముఖ్యంగా ముగింపు దగ్గర తడబడ్డారు, చెప్పిందే మళ్లీ చెప్పారు.

స్పందనలు రెండు రకాలని ఆ బృందం విడదీసింది. తల ఊపడం, ఊ అనడం మొదటి రకం. ప్రమాదం జరగబోయే చోట ఉలిక్కిపడటం లాంటివి, అంటే మాటలో విషయాన్ని బట్టి మారేవి, రెండో రకం. ధ్యాస మళ్లినప్పుడు బాగా పడిపోయింది రెండోదే. కంప్యూటర్‌లో మార్కులు ఎక్కిస్తూ "ఊ, చెప్పు, వింటున్నా" అనే మెంటర్ దగ్గర జరిగేది సరిగ్గా ఇది. విద్యార్థి మాట చప్పబడిపోతుంది, పొంతన లేకుండా ముగుస్తుంది. ఇతనికి స్పష్టంగా చెప్పడం రాదని మెంటర్ అనుకుంటారు.

అలాగని సలహాకు విలువ లేదని కాదు. హ్యారీ వెగర్ తదితరులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మాటను తిరిగి చెప్పి స్పందించినవాళ్ల దగ్గరే తమను అర్థం చేసుకున్నారన్న భావన ఎక్కువగా కలిగింది. సంభాషణ మీద సంతృప్తి మాత్రం సలహా అందుకున్నవాళ్లకూ దాదాపు అంతే ఉంది. ఉత్తి తలూపుడే అందరికంటే వెనకబడింది. అంటే సలహా కోసం వచ్చినవాళ్లకు సలహా ఇవ్వాల్సిందే. ఏ సమస్యకు ఇవ్వాలో తేలాక ఇవ్వాలి.

పొగాకు పొలంలో అదే సూత్రం

కొండపి ప్రాంతంలో వర్జీనియా పొగాకు వేసే పెద్దవయసు రైతు దగ్గరకు ప్రకృతి వ్యవసాయం సీఆర్పీ వెళ్లారనుకుందాం. "పొగాకు మానేసి వేరే పంటలు వేయండి పెదనాయనా" అంటే, "శనగలేస్తే రేటెక్కడుంది అబ్బయ్యా" అన్న జవాబు వస్తుంది. అక్కడి నుంచి శనగ ధర మీద వాదన మొదలైతే అరగంట గడుస్తుంది, ఎవరి మాట వాళ్లదే.

రేటు గురించి చెప్పనిచ్చి, కాసేపు ఆగి, బ్యారన్ సంగతేమిటని అడిగితే అసలు లెక్క బయటపడుతుంది. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్, మీద పెట్టుబడి ఎప్పుడో పెట్టేశారు, అది వేరే పంటకు పనికిరాదు. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో అమ్మిన సొమ్ములోంచే బ్యాంకు అప్పు జమ చేసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి, పొగాకు వేస్తేనే వచ్చే ఏడాది అప్పు పుడుతుంది. రైతు పట్టుకున్నది పంటను కాదు, ఆ అప్పు దారిని. ఇది తెలిశాక మెంటర్ మాట మారుతుంది. బ్యారన్‌తో సంబంధం లేని అరెకరంలో తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి చూద్దామా అని అడగొచ్చు. ఆ ప్రశ్నకు రైతు కనీసం ఆలోచిస్తారు.

దూబగుంట చెప్పే పాఠం

నెల్లూరు జిల్లా చరిత్రలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి. కార్యకర్తలు వెళ్లింది అక్షరాలు నేర్పడానికి. పాఠాల్లో ఆడవాళ్ల బతుకుకు దగ్గరైన కథలుండేవి, పాఠం తర్వాత చర్చ ఉండేది. ఆ చర్చల్లో మహిళలు మళ్లీ మళ్లీ సారా దగ్గరికే వచ్చారు. కూలి డబ్బులు సారాకు పోవడం, ఇంట్లో దెబ్బలు, పస్తులు.

ముందు అక్షరాలు, సారా సంగతి తర్వాత అని ఆ మాటలను పక్కన పెట్టి ఉంటే అవి ఆ బడిలోనే ఆగిపోయేవి. వాటికి చోటిచ్చారు. కలిగిరి మండలం దూబగుంటలో మహిళలు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు, వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, ఆ ఊరి అనుభవమే తర్వాతి వాచకంలో పాఠమైంది. 1992లో జిల్లా అంతటా ఉద్యమం పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. నేర్పడానికి వెళ్లినవాళ్లు ముందు విన్నారు, విన్నది పాఠంలోకి తీసుకున్నారు. ఉద్యమం నిలిచిన తీరుకు రాజకీయాలు సహా చాలా కారణాలున్నాయి. అది మొదలైన తీరులో మాత్రం వినడానికి ఉన్న చోటు కాదనలేనిది.

రికార్డు కోరేది, మనిషి కోరేది

ఒక మెంటర్‌కు 25 మంది ఉన్నారనుకుందాం. నెలకు ఒక్కొక్కరికి 20 నిమిషాలు ఇస్తే 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక గంట కేటాయిస్తే నెలకు వచ్చేది 4 గంటలు. మిగిలిన సగం ఎక్కడి నుంచి రావాలి? సహజంగానే మనిషికి మూడు నిమిషాలు, ఒక సంతకం దగ్గర పని తేలిపోతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేదీ ఆ సంతకాలే.

పుస్తకంలో రాయాల్సింది, రాయకూడనిది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) నుంచి ఆఫీసు దాకా తిరిగే పుస్తకంలో ఇంటి అప్పుల సంగతి రాస్తే నమ్మకం ఆ రోజుతో సరి. కలిసిన తేదీ, ఏం చేద్దామనుకున్నారు, మళ్లీ ఎప్పుడు కలుస్తారు అన్నవి చాలు. రెండోసారి కలిసినప్పుడు "గుంట దగ్గర మనిషి దొరికాడా?" అని మెంటర్ గుర్తుపెట్టుకుని అడిగితే, మొదటిసారి విన్నారని విద్యార్థికి రుజువవుతుంది. విని ఏమీ చేయకపోవడం అసలు వినకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే విద్యార్థి ఇంకోసారి ఎవరికీ చెప్పడు.

వినడం దగ్గర ఆగకూడని చోట్లు

మెంటర్ కౌన్సెలర్ కాదు. ఈ గీత ఎక్కడుందో మెంటర్‌కు ముందే తెలిసి ఉండాలి.

చచ్చిపోవాలనుందన్న సూచన మాటల్లో కనిపిస్తే చుట్టూ తిరగకుండా నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం సరికాదని నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఆ విద్యార్థిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల దాకా తోడు వెళ్లే మనిషిని కూడా చూడాలి.

"ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి" అని పిల్లలు అడుగుతారు. ఆ ఒట్టు వేయకూడదు. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తప్పనిసరి. తెలియజేయకపోవడం శిక్షార్హం. ఇంటర్ విద్యార్థుల్లో చాలామంది ఈ వయసులోనే ఉంటారు. కాబట్టి మెంటర్ మొదటి సమావేశంలోనే చెప్పేయాలి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నా, చట్టం చెప్పమన్న విషయమైనా మాత్రం నేను చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను."

కౌన్సెలర్ దగ్గరకు పంపేటప్పుడు చీటీ రాసిచ్చి వెళ్లమంటే చాలామంది వెళ్లరు. తనను వదిలించుకుంటున్నారనో, పిచ్చి అనుకుంటున్నారనో అనుకుంటారు. మెంటర్ వెంట వెళ్లి, ఇప్పటిదాకా చెప్పినదాన్ని విద్యార్థి అనుమతితో కౌన్సెలర్‌కు తానే వివరించి, వచ్చే వారం మళ్లీ తన దగ్గరకు రమ్మని తేదీ చెప్పాలి. చెప్పిన కథే కొత్త మనిషికి మొదటి నుంచీ చెప్పాల్సిన అవసరం అప్పుడు ఉండదు.